నిర్గంధ దుర్గంలో ఇంటి పొగ

నల్లకొండ మలుపు తిరిగేసరికి గాలిలోంచి వాసన పోయింది.

అలివేలి చప్పున ఆగింది. అప్పటిదాకా ముక్కుకు తగులుతూ వచ్చిన తడిమట్టి వాసన, దారి పక్క తులసి పొదల వాసన, తలమీది గంపలో గుగ్గిలం వాసన, అన్నీ ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు మాయమయ్యాయి. ఆమె అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. తన చెమట తనకే తెలియలేదు. మరువం మళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషికి అది కళ్ళకు గంతలు కట్టినట్టే అయింది.

"వచ్చేశాం అక్కా. ఇదే వాడి పొలిమేర," అన్నాడు వెనక బొగ్గుల కావడి మోస్తున్న యువకుడు.

"అక్క కాదు బాబూ, అత్త. ఇక్కణ్ణుంచి నువ్వు నా మేనల్లుడివి. బుర్ర తక్కువ మేనల్లుడివి."

"బుర్ర తక్కువ కావడం తప్పదా?"

"తప్పదు. నువ్వు నాలుగు మాటలు సవ్యంగా మాట్లాడావంటే ఆ రాచపలుకు బయటపడుతుంది. నేను తిడితే తలొంచుకో. కొడితే ఏడు. అంతకుమించి నోరు తెరవకు."

ఆ యువకుడు కుందవరపు రాజకుమారుడు ధవళకీర్తి. అతని తండ్రిని మాయచేసి చంపి, రాజ్యంలోని పూలతోటల పరిమళమంతా పీల్చుకుని, ఈ కొండమీద కోట కట్టుకున్నవాడు గంధహారి అనే మాంత్రికుడు. మొదట పూల వాసన దొంగిలించాడు. తరువాత చందనం చెట్ల వాసన. అవేవీ వాడి ముసలితనాన్ని ఆపలేకపోయాయి. చివరికి వాడి కన్ను పసిబిడ్డల మాడుమీద ఉండే పాలవాసన మీద పడింది. దాన్ని బట్టీలో కాచి అత్తరుగా తీసి పూసుకుంటే మళ్ళీ పడుచువాడు అవుతాడట. పాలవాసన పోయిన బిడ్డ బతికే ఉంటుంది. కాని నవ్వదు, ఏడవదు, తల్లిని చూసినా గోడను చూసినా ఒకటే చూపు.

పిల్లలకు నీళ్ళు పోసి సాంబ్రాణి పొగగంపల కింద పడుకోబెట్టిన వేళ అలివేలి ఊరు మరువాడ మీద వాడి గద్దలు దిగాయి. తోరణాలంతేసి రెక్కలున్న గద్దలు. గంపతో సహా బిడ్డల్ని ఎత్తుకుపోయాయి. ఎత్తుకుపోయిన బిడ్డల్లో అలివేలి కూతురుంది. ఇంకా పేరు పెట్టలేదు. పిట్ట అని పిలుచుకునేవారు.

ఇవాళ అమావాస్య. పొద్దు గూకగానే మాంత్రికుడు నిద్ర లేస్తాడు. లేవగానే బట్టీ వెలిగిస్తాడు. ఆలోగా పిట్టను బయటికి తేవాలి.

అలివేలి జుట్టుకు బూడిద పట్టించుకుంది. పళ్ళకు మసి రుద్దుకుంది. వీపు వంచి కర్ర ఊతగా పట్టుకుంది. మొహమూ చేతులూ ముసలివయ్యాయి కాని రొమ్ములు మాత్రం బాలింతవే. మల్లెమొగ్గలు కట్టుకుంటే పాలు ఆగుతాయని మరువాడలో అందరికీ తెలుసు. ఆమె కట్టుకోలేదు. బిడ్డ దొరికితే పాలు కావాలి కదా. పాత చీర చింపి మడతలు మడతలుగా బిగించి కట్టుకుంది. నొప్పి భుజాలదాకా పాకుతోంది.

మలుపు దాటితే కోట కనిపించింది. పాలరాతి బురుజులు పేరిన నెయ్యిలా ఎండకు మెరుస్తున్నాయి. ద్వారానికి రెండు పక్కలా సంపెంగ చెట్లు, కొమ్మకొమ్మకూ పూలు. గోడల మీద మల్లెపందిళ్ళు విరగబూసి నేలదాకా వాలాయి. కొలనుల్లో తామరలు పళ్ళాలంత విచ్చుకుని ఉన్నాయి. మొగలిపొదలు, పారిజాతాలు, విరజాజులు, ఒకటేమిటి, భూమ్మీద పూసే పువ్వన్నది అక్కడ లేకుండా లేదు. కాని ఒక్క తుమ్మెద లేదు. ఒక్క తేనెటీగ లేదు. అంత తోటలోనూ రెక్క చప్పుడు వినపడదు. బొమ్మలో గీసిన అన్నంలా ఉంది ఆ తోట.

ద్వారం దగ్గర కావలివాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు. లోపలినుంచి దాదుల పెద్ద జంబుకి వచ్చింది. ఎండుకట్టెలాంటి మనిషి, మూతి నక్క మూతిలా ముందుకు సాగి ఉంది. ఆమె పక్కనే గొలుసుతో ఒక కుక్క. దూడంత కుక్క, దానికి మూడు ముక్కుపుటాలు. పేరు ఘుర్ఘురం. వాసన లేని ఆ కోటలో వాసన పట్టగలిగిన ప్రాణి అదొక్కటే.

"ఎవరే ముసలీ?"

"తూర్పు మన్యం తల్లీ. పసిపిల్లలు గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నారని చెప్పుకుంటుంటే విన్నాను. పొగవేసి నిద్రపుచ్చడం నాకు తెలిసిన పని."

"వీడెవడు?"

"నా అన్న కొడుకు. బొగ్గులు మోస్తాడు. తినడం వచ్చు, ఇంకేమీ రాదు."

ధవళకీర్తి పళ్ళికిలించాడు. జంబుకి అతని చేయి పట్టి తిప్పి చూసింది. "బొగ్గులు మోసేవాడి అరచేతులు ఇంత మెత్తగా ఉన్నాయేం?"

అలివేలికి ఆలోచించే వ్యవధి లేదు. కర్ర ఎత్తి రాజకుమారుడి వీపు మీద ఒక్కటి వేసింది. "అదే కదమ్మా నా ఏడుపు. వీడు పని చేస్తే కదా చేతులు కాయలు కాసేది. దారి పొడుగునా ఈ ముసలిదాని చేత మోయించి, ఊరి మొదట్లో కావడి అందుకుంటాడు. ఒరేయ్ గొడ్డూ, అమ్మగారికి దణ్ణం పెట్టరా."

గొడ్డు దణ్ణం పెట్టింది. కావలివాళ్ళు నవ్వారు. జంబుకి నవ్వలేదు.

"విను ముసలీ. మా దొర పొద్దుగూకి లేస్తారు. అప్పటికి ఒక్క గొంతు వినపడకూడదు. ఏడ్చే పిల్ల పాలవాసన పులిసిపోతుంది, అత్తరు విరిగిపోతుంది. వాళ్ళు నిద్రపోతే నీకు అన్నం పెడతాను. పోకపోతే దీనికి పెడతాను," అని కుక్క తల నిమిరింది.

ఉయ్యాలల సావడి కోట నడిమధ్యన ఉంది. తలుపు తీయకముందే ఏడుపులు వినపడ్డాయి. వింటూనే అలివేలి రొమ్ములు సలిపి, కట్టిన గుడ్డ కింద వెచ్చగా తడి దిగింది. ఆమె పైట బిగించుకుని, వీపు ఇంకా వంచింది. ముసలమ్మ ఎంత వంగితే అంత మంచిది.

లోపలికి అడుగుపెట్టి మొదటి ఉయ్యాలలోకి చూసింది. గుండ్రటి మొహం, సొట్టబుగ్గ, నుదుటిమీద ఉంగరం తిరిగిన జుట్టు. రెండో ఉయ్యాలలోకి చూసింది. అదే మొహం, అదే సొట్టబుగ్గ, అదే ఉంగరం. మూడోది, నాలుగోది, సావడి చివరిదాకా అంతే. తల్లులు వచ్చి వెతుక్కోకుండా గంధహారి మాయనలుగు పెట్టించాడు. పిల్లలందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఆ అచ్చు ఎవరి బిడ్డదీ కాదు.

ఇది అలివేలికి ముందే తెలుసు. తెలిసే వచ్చింది. మొహం మార్చగలిగిన మాంత్రికుడు పొగను మార్చలేడని ఆమె ధైర్యం.

మరువాడలో పురుడు వచ్చిందంటే ఊరంతా చేసే పనులు ఒకేలా ఉంటాయి. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తారు. బిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాస్తారు. తాగే నీళ్ళకుండలో వట్టివేళ్ళ కట్ట వేస్తారు. తలగడ కింద ఎండిన దవనం పెడతారు. కాని పొగ మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటికే. సాంబ్రాణి, గుగ్గిలం, కచ్చూరాలు అందరికీ ఉండేవే. వాటి మీద చివర్న పడే చిటికె వేరు. ఆ చిటికెలో ఏ ఆకు, ఏ గింజ, ఏ తొక్క ఎంత పాళ్ళలో కలుస్తుందో అత్త కోడలి చెవిలో చెబుతుంది, అదీ కోడలు పురిటిమంచం దిగిన రోజున. మరొకరు అడగరు. అడిగినా చెప్పరు. అలివేలి ఇంటి చిటికెలో ఏముందో కథ చెబుతున్న నాకూ తెలియదు.

అలివేలికి తల్లి లేదు. అందుకని పురుడు అత్తింట్లోనే జరిగింది. అదే నెలలో ఆడబిడ్డ నాంచారి కూడా పుట్టింటికి పురిటికి వచ్చింది. పక్కపక్క మంచాలు, ఇద్దరికీ ఆడపిల్లలే. "నీ పిల్ల నా పిల్ల కంటే నల్లగా ఉంది వదినా," అని నాంచారి, "నీ పిల్ల నీకంటే నెమ్మదిగా ఉంది, సంతోషించు," అని అలివేలి వేళాకోళమాడుకునేవారు. గద్దలు రావడానికి ముందే నాంచారి బిడ్డనెత్తుకుని అత్తవారి ఊరు వెళ్ళిపోయింది. ఆ ఒక్క పిల్లయినా తప్పించుకుంది కదా అని అలివేలి దుఃఖంలో కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఆమె ఉపాయం ఇది. గంధహారి మంత్రం చల్లని వాసనను పట్టగలదు కాని నిప్పు మీది వాసనను పట్టలేదు. పసిబిడ్డ తలను వెచ్చటి బొగ్గుల దగ్గర కాస్త కాచితే జుట్టులో దాగిన పాత పొగ మళ్ళీ లేస్తుంది. అందుకని కుంపట్లో వేపాకు తప్ప మరేదీ వేయకూడదు. ఒక్కొక్క బిడ్డనూ కాచి, వాసన చూసుకుంటూ పోవాలి. ఇంటి చిటికె మూటకట్టి మొలలో దోపుకుంది, వాడడానికి కాదు. ముక్కు గందరగోళపడితే గుర్తు చూసుకోవడానికి.

ధవళకీర్తి రెండు కుంపట్లలో బొగ్గులు రాజేశాడు. అలివేలి వేపాకు వేసి, మొదటి బిడ్డను చేతుల్లోకి తీసుకుని, తల కుంపటి వైపు వంచి, మాడు మీద ముక్కు ఆనించింది. ఏమీ లేదు. ఇంకాస్త కాచింది. దవనం, సోంపు కలిసిన సన్నటి వాసన లేచింది. వేరే ఇంటి పొగ. ఏ ఇంటిదో కూడా ఆమెకు తెలుసు, ఆ తల్లి నిన్న బావిలో దూకబోతే నలుగురు పట్టుకున్నారు. ఆమె బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టింది.

రెండో బిడ్డ కాదు. మూడో బిడ్డ కాదు. తరువాతి బిడ్డ తలలో ఎంత కాచినా వాసన తేలలేదు. ఇక్కడ రోజూ పోసే మాయనీళ్ళకు పాత పొగ కరిగిపోతోంది. ఇంకొక పూట ఆలస్యమైతే ఏ తలలోనూ మిగలదు. ఎడమ గవాక్షంలోంచి పడే ఎండ అప్పుడే గచ్చు మీద పొడుగ్గా సాగుతోంది.

"ముద్దులాడుతున్నావా, పొగ వేస్తున్నావా?" జంబుకి వెనకే నిలబడి ఉంది. "ఒక్కొక్కదానితో ఇంతసేపైతే దొర లేచినా నీ పని తెమలదు. ఒకపక్క నిద్రపుచ్చితే ఒకపక్క లేస్తున్నారు. సావడంతా ఒక్కసారిగా వెయ్యి."

"వేస్తున్నానమ్మా, వేస్తున్నా."

"చెయ్యి కదుపు."

కుక్క గొలుసు గచ్చు మీద గీసుకుంది. పిల్లల ఏడుపు చెవుల్లో హోరెత్తింది. కట్టిన గుడ్డ పూర్తిగా తడిసి, తడి పొట్ట మీదికి జారుతోంది. ఆ కంగారులో అలివేలి కుడిచేయి తన పని తాను చేసుకుపోయింది. మూడు నెలలుగా రోజూ చేసిన పని అది. బిడ్డ ఏడిస్తే కుంపటి, కుంపటి మీద సాంబ్రాణి, చివర్న మొలలోని మూట విప్పి చిటికె. ఆ చేతికి ఇది పరాయి కోట అని తెలియదు. చిటికె కాదు, మూటలో సగం బొగ్గుల మీద పడింది.

తెల్లటి పొగ గుప్పుమని లేచింది. అలివేలికి తన ఇల్లు కనిపించింది. వంటింటి చూరు, అత్తగారి దగ్గు, ఆరేసిన పొత్తిగుడ్డలు, మగడి తలపాగా. మరుక్షణం చేతిలోని మూట వైపు చూసింది.

పొగ ఉయ్యాలల మీదుగా పాకిపోతోంది. ప్రతి తలలోకీ, ప్రతి గుడ్డలోకీ దిగుతోంది. ఇక ఏ బిడ్డ తల కాచినా తన ఇంటి వాసనే వస్తుంది. ఏ గుర్తు పట్టుకుని వచ్చిందో ఆ గుర్తును తన చేత్తోనే చెరిపేసుకుంది.

కావడి దగ్గర నిలబడ్డ ధవళకీర్తికి ఆమె మొహం చూసి సంగతి అర్థమైంది. అతను ఏదో అనబోయి, బుర్ర తక్కువవాణ్ణని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పిల్లలు నిద్రపోలేదు. అంతకు రెట్టింపు ఏడవసాగారు. మూతులు ముడిచారు, తుమ్మారు, కాళ్ళు తన్నుకున్నారు. వాళ్ళ ఇళ్ళ పొగ కాదది. తెలియని వాసన తగిలేసరికి కొత్తవాళ్ళు ఎత్తుకున్నట్టు బెదిరిపోయారు.

"ఇదేనా నీ నిద్రపుచ్చడం?" జంబుకి గొంతు లేచింది.

అలివేలి వినలేదు. ఆమె చెవి ఇంకొక చోట ఉంది. ఆ హోరులో ఎక్కడో ఒక గొంతు తగ్గింది. ఒక ఉయ్యాల దగ్గర ఏడుపు లేదు.

కుంపటి పట్టుకుని, పొగ వేస్తున్నట్టే ఊపుతూ, ఆమె వరసల మధ్య నడిచింది. ఇది కాదు, ఇది కాదు. స్తంభం పక్కన ఉయ్యాలలో బిడ్డ కళ్ళు అరమూతలు వేసి, పెదవులు చప్పరిస్తూ, వేలు పట్టుకోవడానికి చెయ్యి చాపింది. ఆ పొగ దానికి జోలపాట. తన ఇంటి పొగకు నిద్రపోయే పిల్ల తన ఇంటి పిల్లే.

అలివేలి ఇక ముందుకు వెళ్ళలేదు. మిగతా వరసలు చూడలేదు.

ఆమె బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకోగానే గుడ్డకట్టు ఇక ఆగలేదు.

"ముసలీ," అంది జంబుకి నెమ్మదిగా. "నీ పైట తడిసిందేం?"

"కుంపటి సెగ తల్లీ. చెమట."

"చెమట సరిగ్గా ఆ రెండు చోట్లే పడుతుందా? ఏదీ, నడుం నిటారుగా నిలబడు చూద్దాం."

అలివేలి నిలబడింది. వంగి ప్రయోజనం లేదు. ఆమె కళ్ళు ధవళకీర్తి వైపు తిరిగాయి. "ఒరేయ్ గొడ్డూ, అమ్మగారికి దిష్టి తియ్యరా."

అది ముందుగా అనుకున్న మాట. ధవళకీర్తి కావడిలోంచి ఎండుమిరపకాయల మూట లాగి, రెండో కుంపటిలో బోర్లించి, ఆ కుంపటిని కాలితో సావడి గుమ్మం అవతలికి తన్నాడు. పరిగెత్తుకు వస్తున్న కావలివాళ్ళు ఆ ఘాటులో చిక్కుకుని, ఈటెలు వదిలేసి కళ్ళు నులుముకుంటూ కూలబడ్డారు. వాసన లేని కోటలో ఏళ్ళ తరబడి బతికిన ముక్కులకు మిరప పొగ కత్తిపోటే అయింది. ఇద్దరు ఎలాగో తట్టుకుని ముందుకు వచ్చారు. రాజకుమారుడు కావడిబద్ద రెండు చేతులా పట్టి గిరగిరా తిప్పాడు. ఒకడు గోడకు, ఒకడు అంగణంలోని కొలనులోకి.

"ఇప్పుడు మాట్లాడొచ్చా అత్తా?"

"పరిగెత్తు బాబూ, మాటలు తరవాత."

బిడ్డను ఖాళీ బొగ్గులగంపలో పెట్టి, గంపను రొమ్ముకు అదుముకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అలివేలి గుమ్మం దాటింది. దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. జంబుకి వెంటపడడం లేదు. కేకలూ వెయ్యడం లేదు. కుక్క గొలుసు విప్పి వదిలి, సావడి అవతలి చివర కిటికీ దగ్గరున్న ఒక ఉయ్యాల మీదికి వంగి, అందులోకి చూస్తూ నవ్వుతోంది. ఎందుకు నవ్విందో అలివేలికి ఆ పరుగులో బోధపడలేదు.

ఘుర్ఘురం మిరప ఘాటును ఒక్క గెంతుతో దాటి అంగణంలోకి వచ్చింది. అలివేలి పైటలో పట్టిన పొగ వాసన దాని మూడు ముక్కుపుటాలకూ తగిలింది. ఉరికింది. నాలుగు బారలు ఉరికి, ఆగి, పక్కకు తిరిగింది. అదే వాసన దాదుల చీరల్లోంచి వస్తోంది. కిటికీల్లోంచి వస్తోంది. గవాక్షాల్లోంచి మల్లెపందిళ్ళ మీదికి దిగుతోంది. కోటలో ఉన్న వాసన అంతా అదొక్కటే, అది ఉన్న చోటల్లా దొంగ ఉన్నట్టే దానికి. వెర్రెత్తినట్టు ఒక దాది కొంగు పట్టి లాగింది, ఒక కావలివాడి పిక్క అందుకుంది. అరుపులూ మొరుగుళ్ళూ కలిసిపోయాయి. అలివేలి చేసిన పొరపాటే ఆ కాస్త దారి ఇచ్చింది.

ఇద్దరూ తోట దాటి కొండవాలు పట్టారు. కింద ఎర్రవాగు వానలకు పొంగి, ఎర్రటి నురుగులు కక్కుతోంది. కాలిబాట వెంట ఈటెలు దిగుతున్న చప్పుడు. బాట వదిలి పక్కనున్న లోయలోకి దూకారు. అది నిలువుకోత. అడుగు వేస్తే మట్టి జారి వాగులో పడుతోంది. ధవళకీర్తి కాలు జారి కిందికి వేలాడాడు.

"ఆ గడ్డి పట్టుకో," అని అరిచింది అలివేలి.

"గడ్డి ఊడిరాదూ?"

"వట్టివేరు బాబూ అది. ఎద్దులు కట్టి లాగినా రాదు. నీళ్ళకుండలో వేసుకునేది ఇదే. గట్టు నిలబెట్టేదీ ఇదే."

రాజకుమారుడు రెండు చేతులా గుబురు పట్టుకున్నాడు. వేళ్ళు నేల లోతుల్లోకి దిగి ఉన్నాయి, గుబురు కదలలేదు. ఒక దుబ్బు నుంచి ఇంకొక దుబ్బుకు చేతులు మార్చుకుంటూ దిగాడు. అలివేలి గంప తాడు పళ్ళతో కరిచి పట్టుకుని దిగింది. అరచేతులు కోసుకుపోయాయి. పైనుంచి విసిరిన ఈటె ఒకటి ఆమె చెవి పక్కగా పోయి నీళ్ళలో పడింది. గంపలో బిడ్డ మాత్రం నిద్ర చెదరలేదు.

ముందురోజే ధవళకీర్తి వచ్చి రెల్లులో దాచిన పుట్టి అక్కడే ఉంది. ధవళకీర్తి తెడ్డు వేశాడు. సుడుల్లో పుట్టి బొంగరంలా తిరిగింది. నడివాగు దాటుతుండగా గాలిలోకి మళ్ళీ వాసన వచ్చింది. ముందు నీటి వాసన, తరువాత తడి రెల్లు వాసన, ఆపైన తులసి. పొలిమేర దాటారు. మాయ అక్కడితో ఆఖరు.

గట్టుకు చేరగానే అలివేలి గంప దించి, పొత్తిగుడ్డ తొలగించింది. బిడ్డ మొహం మీది నలుగు ఎండిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. సొట్టబుగ్గ పోయింది. ఉంగరం తిరిగిన జుట్టు పోయింది. అసలు నుదురు వచ్చింది, అసలు ముక్కు వచ్చింది. ఎడమ చెవి తమ్మె మీద కందిగింజంత పుట్టుమచ్చ బయటపడింది.

అలివేలి ఆ మచ్చ మీద వేలు పెట్టింది. తీయలేదు.

"మన పిల్లేనా అక్కా?"

"మన ఇంటి పిల్లే బాబూ. నాంచారి కూతురు."

ధవళకీర్తి చేతిలోంచి తెడ్డు జారింది.

వాగు పొంగినప్పటి నుంచి నాంచారి ఊరి కబురు ఏదీ రాలేదు. గద్దలు ఆ ఊరికి కూడా వెళ్ళాయన్నమాట. పుట్టింట్లో పురుడు పోసుకున్న నాంచారి బిడ్డకు పడింది పుట్టింటి పొగే. పక్కపక్క మంచాల మధ్య ఒకే కుంపటి పెట్టి, అత్తగారు ఒకే చిటికె వేసి, ఇద్దరు పిల్లలనూ ఒకేసారి నిద్రపుచ్చేది. పొగ ఇంటిదే కాని బిడ్డది కాదు. అంత చిన్న సంగతి అలివేలికి ఇన్నాళ్ళలో ఒక్కసారి తట్టలేదు.

సావడిలో ఏడుపు ఆపిన గొంతులు రెండు. ఆమె ఒక్కటే విన్నది. రెండోది జంబుకి విన్నది. అందుకే కిటికీ దగ్గర నిలబడి నవ్వింది.

బిడ్డ లేచి గొంతు సవరించుకుంది. అలివేలి ఏడవలేదు. తడిసిన గుడ్డకట్టు విప్పి పారేసి, నాంచారి బిడ్డ నోటికి రొమ్ము అందించింది. బిడ్డ ఆబగా తాగింది. కడుపు నిండేదాకా ఉండి, మూతి తుడిచి, పొత్తిగుడ్డలో చుట్టి, రాజకుమారుడి వీపుకు కావడి తాడుతో బిగించి కట్టింది.

"అక్కా, నేను కోటకు వెళ్తాను. నువ్వు బిడ్డతో..."

"నువ్వు వెళ్ళి ఏ ఉయ్యాలని ఎత్తుకొస్తావు? ఇక విను. గట్టు వెంట మరువాడకు పరిగెత్తు. ఇంటింటికీ వెళ్ళు. ప్రతి ఇంటి చిటికె ఒక్కొక్క మూట కట్టించుకురా. ఏ మూట విప్పితే ఏ పిల్ల నిద్రపోతుందో ఆ పిల్ల ఆ ఇంటికి. ఒక్కరు కూడా మిగలకూడదు."

"ఇస్తారా? కూతురికే చెప్పని చిటికె నాకు ఇస్తారా?"

"అడిగితే ఇవ్వరు. ఈ పిల్లను చూపించు. అప్పుడిస్తారు."

"నువ్వు?"

"మూటలు వచ్చేదాకా ఆ బట్టీ వెలగకుండా చూడాలి కదా." ఆమె మొలలో చెయ్యి పెట్టి చూసుకుంది. మూటలో సగం ఇంకా ఉంది. వాగు నీళ్ళతో పళ్ళ మసి కడిగింది, జుట్టులో బూడిద దులిపింది, వీపు నిలిపింది. ఇక ముసలమ్మ వేషంతో పని లేదు. తల్లి వచ్చిందని జంబుకికి తెలిసిపోయింది.

ఎదురుగా కొండమీద ఎండ బురుజుల చివర్లకు ఎక్కింది. కోట మధ్యలోంచి సన్నటి నల్లపొగ ఒకటి నిటారుగా లేస్తోంది. గంధహారి ఇంకా లేవలేదు, అయినా ఎవరో ముందుగానే కట్టెలు అంటించారు. అవతలి గట్టు మీద రెల్లు కదిలి, మూడు ముక్కుపుటాల మూతి ఒకటి బయటికి వచ్చి, గాలిని పసిగట్టి, సరిగ్గా ఆమె వైపుకు తిరిగి ఆగింది.

ధవళకీర్తి వీపున బిడ్డతో పరిగెత్తుతున్న అడుగుల చప్పుడు వెనక తగ్గిపోయింది. అలివేలి పుట్టిలోకి ఎక్కి తెడ్డు అందుకుంది.

నడివాగుకు వచ్చేసరికి గాలిలోంచి వాసన మళ్ళీ పోయింది. ఈసారి ఆమె ఆగలేదు.